ఒంటి సీటు జెట్టు నేర్పిన చదువు

చీకటి గదిలో కొలువు

సిమ్యులేటర్ ఇన్‌స్ట్రక్టరంటే ఏం పని అని పెళ్ళిళ్ళలో ఎవరైనా అడిగితే, "విమానాలు కూల్చి జీతం తీసుకునే పని" అనేవాణ్ణి. నవ్వి ఊరుకునేవారు. అంతకంటే సరిగ్గా చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు.

మొదట నేనూ పైలట్‌నే. బర్మాలో యాంగోన్ నుంచి లోపలి ఊళ్ళకి రెండు ప్రొపెల్లర్ల విమానం నడిపాను. తర్వాత ఒక చెవి మొరాయించింది. డాక్టరు నా కాగితం మీద గీత కొట్టేశాడు. ఇంట్లో కూర్చుని గోళ్ళు గిల్లుకోవడం ఇష్టంలేక పైలట్లకి తర్ఫీదిచ్చే ఒక చిన్న కేంద్రంలో చేరాను. అక్కడ ఒక గది నిండా విమానం ముందు భాగం ఉంటుంది. కిటికీల్లో తెరలు, తెరల మీద ఆకాశం. ఆ గది కదలదు. కదిలే పెద్ద సిమ్యులేటర్లు పరాయి దేశంలో ఉన్నాయి, ఆఖరి పరీక్ష అక్కడే జరుగుతుంది. మా దగ్గర తయారై, మా సంతకంతో అక్కడికి వెళ్ళాలి.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి ముందే ఒక మాట చెప్పేస్తాను. మీటలూ మీటర్లూ నేర్పడం మన అసలు పని కాదు. పుస్తకం చదివినవాడెవడైనా ఆ పని చేస్తాడు. భయపడ్డప్పుడు ఈ మనిషి ఏం చేస్తాడో కనిపెట్టడం మన పని. ఒకడు అరుస్తాడు, ఒకడు బిగుసుకుపోతాడు, ఒకడు నవ్వుతాడు. నవ్వేవాడితో చాలా జాగ్రత్తగా ఉండాలి.

పై అధికారులు చాలామంది మారారు. వాళ్ళలో సగంమంది పేర్లు కూడా నాకు గుర్తులేవు, గుర్తుపెట్టుకోవలసినంత పని వాళ్ళేమీ చెయ్యలేదు. ఆఖరివాడు ఊ తిన్ మాత్రం వేరు. ముసలి కెప్టెన్. కోపం ముక్కు మీదుండేది. అయితే తిట్టాల్సినవాణ్ణే తిట్టేవాడు, తిట్టాక మర్చిపోయేవాడు. మా కొలువులో అది పెద్ద గుణం.

సామాన్లగదిలో మిగ్

మా కేంద్రంలో పాత కుర్చీలు, పగిలిన తెరలు పడేసే గది ఒకటుండేది. ఆ గదిలో నా సొంత సరదాకి ఇంకో సిమ్యులేటర్ కట్టుకున్నాను. ఒక మంచి కంప్యూటరు, పాత బస్సులోంచి తీసిన డ్రైవరు సీటు, పజుండౌంగ్‌లో మా వీధి లేతుషాపులో తిప్పించిన, విమానాన్ని అదుపు చేసే కర్ర, ఇన్సేన్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన మా తోడల్లుడు చేసిచ్చిన పెడళ్ళు. అన్నీ కలిపితే ఒక విమానం. జెట్లు పుట్టిన తొలినాళ్ళ రష్యా ఫైటర్, మిగ్ పదిహేను.

ఊ తిన్ మొదటిసారి చూసి, "అరవై దగ్గర పడుతుంటే నీకు ఆటబొమ్మలేమిటయ్యా?" అన్నాడు. ఏమనుకుంటే నాకేం, అప్పటికే నేను ఆ విమానంతో ప్రేమలో పడిపోయాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, క్లాసు అవగానే ఆ గదిలోకి దూరిపోయేవాణ్ణి. మా ఆవిడ ఫోన్ చేస్తే గానీ ఇల్లు గుర్తొచ్చేది కాదు.

ఆ విమానం మనిషిని నేల మీదనుంచే పరీక్షిస్తుంది. ముందు చక్రానికి స్టీరింగు లేదు, అది దాని ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది. బ్రేకు మీట కర్ర మీద ఒక్కటే ఉంటుంది. ఏ వైపు పెడలు తొక్కితే ఆ వైపు చక్రానికి బ్రేకు పడుతుంది. నా మొదటి వారమంతా రన్‌వే దాకా వెళ్ళడంతోనే సరిపోయింది. తాగినవాడు సందులో నడిచినట్టు అటూ ఇటూ పోయి గడ్డిలో దిగబడేవాణ్ణి. అన్నేళ్ళు విమానాలు నడిపిన మనిషిని, నాకే సిగ్గేసింది.

అసలు పాఠం ఇంజినుది. ప్రొపెల్లరు విమానంలో మీట తోస్తే బలం అక్కడికక్కడే వస్తుంది. ఈ తొలితరం జెట్టులో మీట తోసి కూర్చోవాలి. ఇంజిను నెమ్మదిగా మూలిగి, గొంతు సవరించుకుని, తీరిగ్గా లేస్తుంది. కంగారుపడి ఒక్కసారిగా తోశామా, మంట ఆరిపోతుంది, ఉన్న బలమూ పోతుంది. దిగేటప్పుడు నేల దగ్గరపడ్డాక "అయ్యో, బలం చాల్లేదు" అనుకోవడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. కావలసింది ఏమిటో ముందే తెలుసుకుని, ముందే అడగాలి.

ఇంకో వింత చెప్పాలి. ఆ విమానంలో మీటర్ల పలక మధ్యన పైనుంచి కిందికి ఒక తెల్లగీత వేసి ఉంటుంది. విమానం గిర్రున తిరుగుతూ పడిపోతున్నప్పుడు పైలట్‌కి ఏది ఎటో తెలియదు. అప్పుడు కర్రని ఆ తెల్లగీత వైపు తొయ్యాలి, అంతే. తలతిరిగినవాడికి కూడా కనపడేలా గీసిన గీత అది. ఎవరు ఆలోచించారో గానీ ఆ మనిషికి దణ్ణం పెట్టాలనిపించింది.

ఒకసారి దాని పద్ధతి పట్టుబడ్డాక ఇక ఆ సుఖం చెప్పలేను. చుట్టూ అద్దం, పైన నీలం, ఇంజిను సన్నటి ఈల. మెల్లగా అడిగితే ఏదైనా ఇస్తుంది. పల్టీ కొట్టించి, తలకిందులుగా ఎవరివో కొండలూ ఎవరిదో నదీ చూస్తూ, నేను గట్టిగా పాడుకున్న రోజులున్నాయి. ఆ విమానం తయారుచేసినవాళ్ళ దగ్గర మనకున్న కంప్యూటర్లు లేవు. అయినా అంత చక్కటి వస్తువు చేశారు. దాని లోపాలన్నీ కంఠతా వచ్చాక కూడా నా గౌరవం తగ్గలేదు.

తుపాకుల మీటకి మాత్రం తీగ కలపలేదు. ఊళ్ళ మీద బాంబులు పడుతున్న ఈ రోజుల్లో ఈ దేశంలో జెట్టు శబ్దం వింటే జనం ముఖాలు ఎలా మారతాయో నాకు తెలుసు. నాకు ఎగరడం కావాలి, మిగతాది అక్కర్లేదు.

థీరి

నా ఉద్యోగం ఆఖరి ఏడాదిలో వచ్చింది థీరి. తండ్రి మన తెలుగువాడు, విశాఖ వైపు నుంచి వచ్చి రేవులో మూటలు మోసిన కుటుంబం. తల్లి బర్మా ఆవిడ. పిల్ల బయట మాట్లాడేది బర్మీసే. నాయనమ్మ పెంచడం వల్ల మన మాటలు వచ్చు. నాయనమ్మకి ఆమె థీరి కాదు, నూకాలు. వాళ్ళుండేది లమ్మడా పేటలో, మూడో అంతస్తులో.

రెండేళ్ళు ప్రొపెల్లరు విమానంలో కుడి సీటులో, అంటే కో-పైలట్‌గా, కూర్చుంది. కంపెనీ ఆమెని జెట్టుకి ఎంపిక చేసింది. తెలివైనది, చెయ్యి మెత్తన, కళ్ళు చురుకు. మేం సంతకం పెట్టి పరీక్షకి పంపాం. తప్పి వచ్చింది.

ఏం జరిగిందో కాగితం చూసి తెలుసుకున్నాను. పరీక్షలో కెప్టెన్ సీటులో కూర్చున్న పెద్దాయన కావాలనే తప్పుగా దింపాడు. వేగం తగ్గిపోతోంది, ఇంజిన్ల బలం అడుగున ఉంది. అలాంటప్పుడు కుడి సీటువాళ్ళు "గో ఎరౌండ్" అనాలి. అంటే దిగడం మానేసి మళ్ళీ పైకెళ్దాం అని. ఆ మాట ఎవరన్నా రెండోవాళ్ళు మారుమాటాడకూడదు, అది నియమం. ఆయన మాట విననట్టు ఉండిపోతే విమానాన్ని తన చేతిలోకి తీసుకోవాలి. థీరి మీటరు చూస్తూ, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. విమానం రన్‌వేకి ముందే నేలకి కొట్టుకుంది.

"నీకు కనిపించిందా?" అని అడిగాను.

"కనిపించింది సయా," అంది. సయా అంటే ఇక్కడ గురువుగారు. "ఆయన పెద్దోరు కదా. ఆయనకి కనిపించే ఉంటాది అనుకున్నాను."

దీనికి బర్మాలో ఒక మాటుంది, ఆనా. మన మొహమాటం దానికి దగ్గరి చుట్టం. మన మాటవల్ల ఎదుటివాళ్ళు చిన్నబుచ్చుకుంటారేమోనని మన నోరు మనమే నొక్కుకోవడం. ఈ ఊళ్ళో ఆ గుణం లేనివాణ్ణి మనిషిగా చూడరు. ఇక మనవాళ్ళ ఇళ్ళలో పెద్దల మాట చద్దిమూట. థీరికి తల్లి వైపునుంచి ఒకటి, నాయనమ్మ వైపునుంచి ఒకటి, రెండు ఇళ్ళ మొహమాటం ఆస్తిగా వచ్చింది. చాలా మంచి పిల్ల. విమానం మంచితనం చూసి దిగదు.

ఊ తిన్ నన్ను పిలిచి సూటిగా చెప్పాడు. "కంపెనీ ఇంకొక్కసారే పంపుతుందట. ఈసారి తప్పితే విమానం ఎక్కనివ్వరు, కౌంటరు దగ్గర కూర్చోబెడతారు. నువ్వు సరేనంటేనే నేను సంతకం పెడతాను. జాలిపడి మాత్రం సరేననకు."

పక్క సీటు లేని చోట

రెండు వారాలు మా మామూలు గదిలో ప్రయత్నించాను. నేను ఎడమ సీటులో కూర్చుని తప్పులు చేసేవాణ్ణి. తను చూసేది, గొంతు పెగిలేది కాదు. ఒకసారి "సయా, కొంచెం... వేగం..." అని గొణిగింది. ఆ గొణుగుడు పూర్తయ్యేలోపు కూలిపోయాం.

అప్పుడు తట్టింది నాకు. ఆనా పడటానికి పక్కన మనిషి ఉండాలి కదా. మనిషే లేని విమానం నా సామాన్లగదిలో ఉంది.

తీసుకెళ్ళి బస్సు సీటులో కూర్చోబెట్టాను. చుట్టూ చూసింది.

"ఇదేటి సయా, ఇంత ఇరుకేటి? రెండో సీటేదీ?"

"లేదు. ఉన్నదొక్కటే."

"మరి తప్పు సేత్తే ఎవులు సెప్తారు?"

"ఎవులూ సెప్పరు. నువ్వే సెప్పుకోవాల. పైకి, గట్టిగా. దిగడం కుదరదనిపిస్తే 'గో ఎరౌండ్' అని అరవాల."

"ఇక్కడ ఇనేవోలు లేరు కదా, ఎవులికి సెప్పాల?"

"అందుకే ఇక్కడ. నోరు అలవాటు పడనీ."

నేల మీద ఆమె నాకంటే తొందరగా నేర్చింది. రెండో రోజుకే ముందు చక్రం ఆమె మాట వినేది. నాకు కొంచెం అసూయ కూడా కలిగింది. ఎగరడం ఇంకా బాగా వచ్చింది. ఒకసారి విమానం గిర్రున తిరగడం మొదలెడితే, కంగారుపడకుండా కర్రని తెల్లగీత మీదికి తెచ్చి ఆపింది. ఆపాక చిన్నపిల్లలా పకపకా నవ్వింది. ఆ నవ్వు నేను అంతకుముందు వినలేదు.

దిగడం దగ్గర మాత్రం పాత రోగమే. ఇంజిను అడుగున పెట్టి వచ్చేది, వేగం తగ్గేది, ఆఖరున మీట తోసేది. ఇంజిను మూలుగుతూ ఉండగానే నేల వచ్చేసేది.

"పోనాది సయా!"

"పోతాదని నీకెప్పుడు తెలిసింది?"

"ఆ తోట దాటినప్పుడే తెలిసినాది."

"మరప్పుడేటి సేసినావు?"

తలొంచుకుని నిజం చెప్పింది. "మీ యంక సూసినాను."

తల గోక్కున్నాను. ఒంటి సీటు విమానం ఇచ్చి, నేనే వెనకాల రెండో మనిషిలా నిలబడి ఉన్నాను. బయటికెళ్ళి తలుపు మూసేశాను.

తలుపు అవతల ఒక విరిగిన కుర్చీ మీద కూర్చుని వింటూ ఉండేవాణ్ణి. ఇన్‌స్ట్రక్టర్లకి చెప్తున్నాను, మన ఉద్యోగంలో ఇంతకంటే కష్టమైన పని లేదు. లోపల ఇంజిను ఈల, తర్వాత నిశ్శబ్దం, తర్వాత ఢామ్మని శబ్దం. లేచి వెళ్ళి చెప్పాలని కాళ్ళు పీకేవి. మధ్యలో కరెంటు పోయేది, లోపలినుంచి "ఇప్పుడు బాగానే దిగేదాన్ని సయా!" అని కేక వినబడేది. కరెంటు వచ్చాక వీధిలో పిల్లలు "మీ లాబీ!", కరెంటొచ్చిందోయ్, అని అరిచేవారు, తను మళ్ళీ మొదలుపెట్టేది.

నాలుగైదు రోజులు అలా గడిచాయి. ఒక సాయంత్రం ఇంజిను ఈల తగ్గుతూ వచ్చింది. ఎప్పటిలాగే ఢామ్మంటుందని కళ్ళు మూసుకున్నాను. శబ్దం రాలేదు. దానికి బదులు తలుపు అదిరేలా కేక వినిపించింది.

"గో ఎరౌండ్! ఎల్పోతన్నాను, పైకెల్పోతన్నాను!"

ఇంజిను మూలిగింది, గొంతు సవరించుకుంది, మెల్లగా లేచింది. ఆ ఈల పైకి పోతూ ఉంటే నా కళ్ళంట నీళ్ళొచ్చాయి. చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

మీటల మీద చెయ్యి

సంతకానికి ముందు మా సొంత పరీక్ష మా మామూలు గదిలో పెట్టాను. ఎడమ సీటులో నేను కెప్టెన్‌ని. వెనకాల బల్ల దగ్గర ఊ తిన్. థీరికి ఈ ఊళ్ళో నా దగ్గరున్నంత మొహమాటం ఇంకెవరి దగ్గరా లేదు, అందుకే నేనే కూర్చున్నాను.

వాన కురిపించాను. రన్‌వే కనిపించీ కనిపించకుండా ఉంది. మీటలు అడుగుకి లాగేసి, వేగం తగ్గనిచ్చాను. అడక్కముందే ఆమె నోరు విప్పింది.

"వేగం తక్కువ."

"చూశాను," అన్నాను. సరిచెయ్యలేదు.

"గో ఎరౌండ్."

"పర్వాలేదమ్మా, దింపేస్తాను."

వెనకాల ఊ తిన్ కుర్చీ కిర్రుమంది. ఈ మాటకి ఆమె ఊరుకుంటే నేను సరేననను. జాలిపడను. కౌంటరు దగ్గరే కూర్చుంటుంది.

నా చెయ్యి మీటల మీద గట్టిగా ఉంది. ఆ పిల్ల దాని మీద ఒక్క దెబ్బ వేసింది. చెయ్యి పక్కకి తోసేసి, మీటలు నిదానంగా, ముందుకి, పూర్తిగా తోసింది. "విమానం నా చేతిలో ఉంది," అంది, బర్మీసులో, నా వైపు చూడకుండా. తెర మీద నేల దగ్గరకొచ్చి, కాస్త ఆలోచించి, దూరమైంది.

ఊ తిన్ దీపాలు వేశాడు. సంతకం పెట్టే కాగితం తీస్తూ, "ఆటబొమ్మ బాగానే ఉందయ్యా," అన్నాడు. ఆయన నోటినుంచి అంతకంటే పెద్ద పొగడ్త నేనెరగను.

థీరి మెట్ల దగ్గర నన్ను పట్టుకుంది. ముఖం పాలిపోయింది.

"సయా, సెయ్యి నొప్పెట్టినాదా?"

"నొప్పెట్టినాది," అన్నాను. "ఇంకొంచెం ముందే కొట్టవలిసింది."

మాండలే ప్రయాణం

పరాయి దేశంలో పరీక్ష ఆమె నెగ్గింది. నేను రిటైరయ్యాను. మిగ్ ఇప్పుడు మా ఇంట్లో ముందు గదిలో ఉంది, మా ఆవిడ దాని సీటు మీద ఉతికిన బట్టలు మడతపెడుతుంది.

ఈ మధ్య వానాకాలంలో మాండలేలో మా మేనకోడలింటికి వెళ్ళాను. జెట్టు విమానం. మైకులో కెప్టెన్ గొంతు పెద్దవయసు మగమనిషిది. అంతకుమించి నాకేం తెలియదు, వెనక వరసలో ఊరగాయ జాడీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

దిగుతున్నాం. కిటికీలో మబ్బు తప్ప ఏమీ లేదు. విమానం ఒకటి రెండుసార్లు ఊగింది. నేల, తడిసిన పొలాలు, ఎర్ర దీపాలు కనిపించాయి. అంతలో ఇంజిన్లు గర్జించాయి, మేం మళ్ళీ మబ్బులోకి వెళ్ళిపోయాం. ముందు వరసలో ఎవరో బుద్ధుణ్ణి తలుచుకున్నారు. నా పక్కనున్న పెద్దావిడ నా మోచెయ్యి పట్టుకుని, "దింపడం కూడా రానివాళ్ళకి విమానాలిస్తున్నారు!" అని కసిరింది.

నేను ఇంజిన్లు వింటున్నాను. ఇంజిన్ల గర్జన ముందే మొదలైంది, కంగారుగా మొదలవలేదు. ఎవరో సరైన సమయానికి ఒక మాటన్నారు, పక్కనున్నవాళ్ళు ఆ మాట విన్నారు.

రెండోసారి చక్కగా దిగాం. జనం సణుక్కుంటూ ముందుకి నడిచారు. తలుపు దగ్గరికి వచ్చేసరికి పైలట్ల గది తలుపు తెరిచి ఉంది. ఎడమ సీటులో నెరిసిన జుట్టు కెప్టెన్. కుడి సీటులోంచి ఒక తల ఇటు తిరిగింది, నన్ను చూసి కళ్ళు పెద్దవి చేసుకుంది.

నా వెనకాల పెద్దావిడ తొందరపెడుతోంది. నేను కదలకుండా, మన మాటలోనే అడిగాను.

"ఎవులన్నారమ్మా?"

"నానే, సయా," అంది థీరి. కెప్టెన్ తన పక్కనే ఉన్నాడు. గొంతు తగ్గించలేదు.